ఇప్పుడే ఏమీ చెప్పలేం

1887 మే 21 పొద్దున బెర్లిన్‌లో ఒక ఆపరేషన్ జరగాల్సి ఉంది. జర్మనీ యువరాజు ఫ్రెడరిక్ గొంతు కోసి, స్వరపేటిక తెరిచి, ఎడమ స్వరతంత్రి మీద పెరిగిన కణితిని తీసెయ్యాలి. సర్జన్ సిద్ధంగా ఉన్నాడు. రాజభవనంలో గది సిద్ధమైంది. జబ్బు ఎంత పెద్దదని డాక్టర్లు అనుకుంటున్నారో పూర్తిగా తెలియనిది రోగికి ఒక్కడికే. భార్యకు తెలుసు. ఆ వారంలోనే ఇంగ్లండులో ఉన్న తల్లికి ఆమె ఉత్తరం రాసింది. ఆయన గొంతు మీద కత్తి పడుతుందన్న ఊహే భరించలేకపోతున్నానని రాసి, ఈ సంగతి ఆయనకి ఇంకా తెలియకూడదు సుమా అని కూడా రాసింది.

చదవగానే ఎక్కడో విన్నట్టుంటుంది. హైదరాబాదులోనో గుంటూరులోనో ఏ కేన్సర్ వార్డు బయట నిలబడినా ఇదే మాట వినిపిస్తుంది: "ఆయనకి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు."

ఆ తల్లి పేరు విక్టోరియా రాణి. కూతురి పేరూ విక్టోరియానే, ఇంట్లో అందరికీ విక్కీ. 1858 జనవరిలో, పదిహేడేళ్ళ వయసులో ప్రష్యా రాకుమారుణ్ణి పెళ్ళి చేసుకుని బెర్లిన్ వెళ్ళింది. భర్తని ఫ్రిట్జ్ అని పిలిచేది. రాజకుటుంబాల్లో అరుదుగా కనిపించే సంగతి ఒకటి వీళ్ళ మధ్య ఉండేది: ఒకరంటే ఒకరికి నిజంగా ఇష్టం. రాజకీయాల్లో కూడా ఇద్దరిదీ ఒకటే దారి. పార్లమెంటుకి మరింత అధికారం ఉండాలి, బిస్మార్క్ పద్ధతి మారాలి. ఫ్రిట్జ్ సింహాసనం ఎక్కితే అది జరుగుతుందని ముప్ఫై ఏళ్ళుగా ఎదురు చూశారు. ముసలి చక్రవర్తికి 1887 మార్చికి తొంభై నిండాయి. ఇక ఇవాళో రేపో అనుకుంటుండగా, ఆ జనవరిలో కొడుకు గొంతు బొంగురుపోయింది.

చరిత్ర పుస్తకాలు ఈ కథని ఎప్పుడూ ఒకే ప్రశ్నతో ముగిస్తాయి. ఫ్రెడరిక్ బతికుంటే మొదటి ప్రపంచయుద్ధం వచ్చేదా? చాలా పెద్ద ప్రశ్న. జవాబు ఎవరి దగ్గరా లేదు. నాకు మాత్రం ఈ కథలో పట్టుకునేది మరో సంగతి. 1887 మే నుంచి 1888 జూన్ దాకా, పదమూడు నెలల పాటు, ఒక భార్య ఏమీ ఖాయంగా తెలియకుండా ఎలా బతికింది? ఆమెకి వచ్చిన చెడ్డపేరల్లా ఒక్కటే, ఆశ వదులుకోలేదని. పిచ్చి ఆశతో, మొండితనంతో మొగుణ్ణి చంపుకుందన్నారు. ఆ మాట నిజమో కాదో తేలాలంటే, ఏ రోజున ఆమె చేతిలో ఏ కాగితం ఉందో చూడాలి.

*

మొదట చూసింది బెర్లిన్ ప్రొఫెసరు కార్ల్ గెర్‌హార్ట్. మార్చి మొదటి వారంలో అద్దంతో గొంతులోకి చూస్తే ఎడమ స్వరతంత్రి మీద చిన్న కాయ కనబడింది. పట్టి లాగేద్దామని ప్రయత్నించాడు, రాలేదు. విద్యుత్తుతో ఎర్రగా కాల్చిన ప్లాటినం తీగతో రోజుల తరబడి కాల్చాడు. పుండు మానాలని రోగిని ఎమ్స్ అనే ఊరికి, అక్కడి వేడినీటి బుగ్గల దగ్గరికి పంపారు. తిరిగొచ్చేసరికి కాయ మళ్ళీ మొలిచింది. అప్పుడు పిలిచిన సర్జన్ ఎర్న్‌స్ట్ ఫన్ బెర్గ్‌మన్. ఇది కేన్సరే, బయటినుంచి కోసి తియ్యాలన్నాడు.

ఆ రోజుల్లో ఆ మాటకి అర్థం ఏమిటో చూడండి. బిల్‌రోత్ వియన్నాలో మొదటిసారి కేన్సర్ కోసం స్వరపేటికని పూర్తిగా తీసింది 1873 చివర్లో. అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా కాలేదు. ఎక్స్‌రే రావడానికి ఇంకా ఎనిమిదేళ్ళు పడుతుంది. యాంటీబయాటిక్స్ అన్న మాటే లేదు. అలాంటి ఆపరేషన్ బల్ల మీద నుంచి లేచి, తరవాత ఏళ్ళ తరబడి బతికినవాళ్ళు చాలా తక్కువ. బతికినా గొంతు పోతుంది. రేపో మాపో చక్రవర్తి కావలసిన మనిషికి అది అన్నిటికంటే పెద్ద నష్టం.

బిస్మార్క్ తన జ్ఞాపకాల్లో ఇంకో సంగతి రాశాడు. రోగికి ముందుగా చెప్పకుండానే మత్తిచ్చి స్వరపేటిక తీసెయ్యాలని డాక్టర్లు నిశ్చయించుకున్నారట. తను అభ్యంతరం చెప్పి చక్రవర్తికి తెలియజేస్తే, కొడుకు ఒప్పుకోకుండా ముట్టుకోవడానికి వీల్లేదని ఆయన ఆపించాడట. బిస్మార్క్ చెప్పిన ప్రతిదీ నమ్మాలని లేదు. కానీ రోగిని అడగకుండా గొంతు తీసెయ్యడం అప్పటి పెద్ద డాక్టర్లకి ఊహకందని సంగతేమీ కాదని మాత్రం తెలుస్తుంది.

ఇంకొకరి అభిప్రాయం తీసుకుందామనుకున్నారు. లండన్ నుంచి మోరెల్ మెకెంజీని పిలిపించారు. గొంతు జబ్బుల మీద యూరప్ అంతా చదివే పుస్తకం రాసినవాడు. విక్కీ ఇంగ్లీషు మనిషి కాబట్టి ఇంగ్లీషు డాక్టరుని తెచ్చిపెట్టుకుందన్న అపవాదు తరవాత తరవాత బాగా ప్రచారమైంది. అసలు జరిగింది వేరు. ఆ పేరు చెప్పింది జర్మన్ డాక్టర్లు. విక్కీ చేసింది, ఆయన్ని త్వరగా పంపమని తల్లికి కబురు పెట్టడం.

మెకెంజీ మే 20 సాయంత్రం వచ్చాడు. చూశాడు. కేన్సర్ అని రుజువు లేకుండా గొంతు కొయ్యడానికి వీల్లేదన్నాడు. మర్నాడు నోట్లోంచి చిమటా దింపి కణితిలోంచి చిన్న ముక్క గిల్లాడు. దాన్ని రుడాల్ఫ్ విర్కో దగ్గరికి పంపారు.

విర్కో అంటే మామూలు డాక్టరు కాదు. జబ్బు పుట్టేది కణంలో అని ప్రపంచానికి చెప్పినవాడు. ఆ పుస్తకం వచ్చింది 1858లో, విక్కీ పెళ్ళయిన ఏడాదే. కేన్సర్ అవునో కాదో సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పగలిగేవాడు ఈ భూమ్మీద ఒక్కడు ఉన్నాడంటే అది ఆయనే. ఆయన చూసి, ఈ ముక్కలో కేన్సర్ కనబడలేదన్నాడు. ఇంకా పెద్ద ముక్క కావాలన్నాడు. జూన్‌లోగా మెకెంజీ మళ్ళీ తీసి పంపాడు. మళ్ళీ అదే జవాబు. చర్మం మందమెక్కి పులిపిరిలా పెరిగినట్టుంది తప్ప కేన్సర్ లక్షణాలు లేవు.

ఇప్పుడు విక్కీ స్థానంలో నిలబడదాం. ఒకవైపు పెద్ద సర్జన్, కళ్ళతో చూసి కేన్సర్ అంటున్నాడు. ఇంకోవైపు ఆ శాస్త్రాన్ని పుట్టించిన మనిషి సంతకం పెట్టిన కాగితం, కాదంటోంది. మొదటాయన మాట వింటే భర్త బల్ల మీదే పోవచ్చు. రెండో ఆయన మాట వింటే భర్త గొంతుతో పాటు ఉంటాడు. ఆమె కాగితాన్ని నమ్మింది. ఇందులో పిచ్చి ఎక్కడుంది? ఆ రోజుకి ఉన్న గట్టి ఆధారం అదే.

*

1887 జూన్ 21. లండన్‌లో విక్టోరియా రాణి పాలనకి యాభై ఏళ్ళు నిండిన పండగ. ఆ సంబరం మన దాకా కూడా వచ్చింది. ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్న బెజవాడలోని విక్టోరియా జూబిలీ భవనానికి శంకుస్థాపన జరిగింది ఆ జూన్‌లోనే. లండన్ ఊరేగింపులో తెల్లటి సైనిక దుస్తుల్లో, గుర్రం మీద నిటారుగా కూర్చుని వెళుతున్న ఫ్రిట్జ్‌ని చూసి జనం కేకలు పెట్టారు. మాట్లాడితే గుసగుసే. చూడ్డానికి మాత్రం రాజసం.

ఆ ఎండాకాలం అంతా బాగున్నట్టే ఉంది. ఐల్ ఆఫ్ వైట్, స్కాట్లండ్, కొండగాలి. సెప్టెంబరులో మెకెంజీకి సర్ బిరుదు వచ్చింది. బెర్లిన్ చలిగాలి పడదని అక్కణ్ణుంచి టిరోల్ కొండల్లోని టోబ్లాఖ్, తరవాత వెనిస్, తరవాత బవేనో. ఊరు మారినప్పుడల్లా కాస్త బాగున్నట్టుండేది, నాలుగు రోజులకి మళ్ళీ జలుబు, వాపు, బొంగురు. విక్కీ ఉత్తరాలు ఆ నెలల్లో గొంతు వెంటే నడిచాయి. ఒక రోజు మాట స్పష్టంగా వచ్చిందని, మరో రోజు అస్సలు పెగల్లేదని.

కేన్సర్ ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలిసిన విషయమే. పెద్ద ప్రశ్నకి జవాబు లేనప్పుడు మనసు చిన్న చిన్న జవాబులు ఏరుకుంటుంది. ఇవాళ రెండు ఇడ్లీలు తిన్నారు. నిన్నటికంటే దగ్గు తగ్గింది. బరువు అరకిలో పెరిగారు. బయటివాళ్ళకి ఇది ఆత్మవంచనలా కనబడుతుంది. నిజానికి ఆ ఇంట్లోవాళ్ళకి అందుబాటులో ఉన్న సమాచారం అంతే. విర్కో కాగితం చెప్పింది ఆ ముక్క గురించి మాత్రమే. మిగతాది రోజూ చూసి తెలుసుకోవాల్సిందే.

బెర్లిన్‌లో మాత్రం గుసగుసలు మొదలయ్యాయి. చక్రవర్తికి తొంభై, కొడుకు దేశంలో లేడు. ఇంగ్లీషావిడ మొగుణ్ణి ఊళ్ళు తిప్పుతోంది. తను మహారాణి కావాలని జబ్బు దాస్తోంది.

*

నవంబరు 3న ఇటలీ తీరంలో శాన్ రెమో చేరారు. సముద్రానికి ఎదురుగా విల్లా జీరియో అనే ఇల్లు. మూడు రోజుల తరవాత మెకెంజీ అద్దం పెట్టి చూస్తే కొత్త వాపు కనబడింది. ఇదివరకటి చోట కాదు, ఇంకా కిందకి. రంగు, రూపం వేరు. మెకెంజీ ముఖం మారింది. ఇది కేన్సరా అని ఫ్రిట్జ్ సూటిగా అడిగాడు. అలాగే కనబడుతోంది, కానీ ఖాయంగా చెప్పడం సాధ్యం కాదని జవాబు.

ఈ సంగతి మెకెంజీ తన పుస్తకంలో రాశాడు. నిశ్శబ్దంగా విని, చెయ్యి కలిపి, దాచకుండా చెప్పినందుకు యువరాజు థాంక్స్ చెప్పాడట. బయటి మనిషి ముందు అంతే. భార్యతో ఒంటరిగా ఉన్నప్పుడు ఏడ్చాడు. ఇంత అసహ్యమైన జబ్బు తనకే రావాలా, అందరికీ బరువై, చూస్తే ఏవగింపు పుట్టేలా అయిపోతానే అని. దేశానికి పనికొస్తాననుకున్నానే అని. ఇది మనకి తెలిసింది ఆమె ద్వారానే.

వియన్నా నుంచి ష్రోటర్, బెర్లిన్ నుంచి క్రౌజె వచ్చారు. అందరూ కలిసి చూసి, కేన్సరే అన్నారు. ఈసారి రోగికి చెప్పారు, నిర్ణయం అతనికే వదిలారు. రెండు దారులు. స్వరపేటిక మొత్తం తీసెయ్యడం, లేదా ఊపిరి ఆడనప్పుడు మెడకి రంధ్రం చేసి గొట్టం పెట్టడం. ఫ్రిట్జ్ రెండోది ఎంచుకుని కాగితం మీద రాసిచ్చాడు. ఇదివరకు మాట్లాడే అవకాశమే ఇవ్వని మనిషికి, ఆరు నెలల తరవాత తన గొంతు గురించి తనే చెప్పుకునే హక్కు దక్కింది. అప్పటికి ఆ గొంతు దాదాపు పోయింది.

అదే నెలలో బెర్లిన్‌లో చక్రవర్తి తన బదులు కాగితాల మీద సంతకాలు పెట్టే అధికారం మనవడు విల్‌హెల్మ్‌కి ఇచ్చేశాడు. మధ్యలో ఉన్న కొడుకుని అడగలేదు. బతికున్న మనిషిని లెక్కలోంచి తీసేసినట్టయింది. రోగి బతుకుతాడా లేదా అన్నది తేలకముందే చుట్టుపక్కలవాళ్ళు తేల్చేసుకుంటారు. ఫ్లాటు ఎవరి పేరు మీద ఉంది, నామినీ ఎవరు, పిల్ల పెళ్ళి ముందుకి జరుపుదామా. ఇవన్నీ అవసరమైన ప్రశ్నలే కావచ్చు. కానీ పక్క గదిలో వింటున్నవాళ్ళకి ఎలా ఉంటుందో విల్లా జీరియోలో తెలిసింది.

విక్కీ కష్టం ఇక్కడే రెట్టింపైంది. భర్త ముందు నవ్వుతూ ఉండాలని నిశ్చయించుకుంది. పాటలు, పుస్తకాలు, తోటలో నడక. నవ్వు చెదిరితే అతను కుంగిపోతాడు. అయితే ఆ నవ్వుని చుట్టూ ఉన్న జర్మన్ పరివారం చూసింది, వీధిలో కాపు కాసిన విలేకరులు చూశారు. మొగుడు చావుబతుకుల్లో ఉంటే ఈవిడకి నవ్వెలా వస్తోందన్నారు. ఏడిస్తే ఆశ వదిలేసిందంటారు. నవ్వితే మనసు లేదంటారు. మన దగ్గర కూడా ఆసుపత్రికి కాస్త మంచి చీర కట్టుకుని వచ్చిన భార్యని ఎగాదిగా చూసే చుట్టాలు ఉంటారు. ఆ చీర రోగి కోసమేనని వాళ్ళకి తట్టదు.

జనవరిలో ఫ్రిట్జ్ దగ్గితే ఒక ముక్క ఊడి బయటికొచ్చింది. దాన్నీ విర్కోకి పంపారు. దాంట్లోనూ కేన్సర్ లేదని జవాబొచ్చింది! డాక్టర్లందరూ అవునన్నాక, రెండు నెలలకి మళ్ళీ కాదు. తలుపు మూసేసుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఒక విధంగా సిద్ధపడిన మనిషికి ఆ కాగితం ఏం చేసి ఉంటుంది? చెడ్డవార్త కంటే కష్టం ఇదే. చెడ్డవార్త వస్తే మనసు ఒక చోట కూర్చుంటుంది. ఇలా వచ్చిపోతుంటే కూర్చోనివ్వదు.

ఫిబ్రవరి 9న ఊపిరి అందలేదు. బెర్గ్‌మన్ అసిస్టెంటు బ్రామన్ మెడకి రంధ్రం చేసి గొట్టం పెట్టాడు. ఆ రోజు నుంచి ఫ్రిట్జ్ మాట్లాడలేదు. చెప్పాల్సిందంతా చిన్న చిన్న కాగితాల మీద రాసేవాడు. మార్చి మొదట్లో వాల్డయర్ అనే మరో శాస్త్రవేత్త వచ్చి, దగ్గుతో పడిన దాన్ని పరీక్షించి కేన్సర్ కణాలు ఉన్నాయన్నాడు. ఆ ఒక్క విషయం ఇలా తేలడానికి పది నెలలు పట్టింది.

*

1888 మార్చి 9న ముసలి చక్రవర్తి పోయాడు. టెలిగ్రాం శాన్ రెమోకి వచ్చింది. ఫ్రిట్జ్ ఇప్పుడు చక్రవర్తి మూడవ ఫ్రెడరిక్. మొదట చేసిన పనుల్లో ఒకటి, తన ఛాతీ మీద ఉన్న అత్యున్నత బిరుదు పట్టీ తీసి భార్యకి తొడగడం. భార్య ధైర్యానికి బహుమానం ఇచ్చేంత వరకు తనని బతికించినందుకు మెకెంజీకి కృతజ్ఞతలు అని కాగితం మీద రాశాడట. ముప్ఫై ఏళ్ళు ఎదురు చూసిన సింహాసనం ఎక్కిన రోజు అతని కళ్ళకి ముందు కనబడింది ఆమె.

తొంభై తొమ్మిది రోజులు పాలించాడు. చేద్దామనుకున్నవాటిలో దాదాపు ఏవీ చెయ్యలేకపోయాడు. ఏప్రిల్‌లో విక్టోరియా రాణి బెర్లిన్ వచ్చి అల్లుణ్ణి చూసింది. తిరిగి వెళ్ళేటప్పుడు రైలు దగ్గర కూతురు ఇక ఆపుకోలేక ఏడ్చేసిందని రాణి డైరీలో ఉంది. ఏడాదిగా అందరి ముందూ నిలబెట్టుకున్న ముఖం అమ్మ ముందు నిలవలేదు. మే 24న రెండో కొడుకు పెళ్ళికి చక్రవర్తి నిండు దుస్తుల్లో వచ్చి నిలబడ్డాడు. జూన్ 15న పాట్స్‌డామ్‌లో పోయాడు. వయసు 56.

ప్రాణం పోయిన వెంటనే కొత్త చక్రవర్తి, అంటే పెద్దకొడుకు విల్‌హెల్మ్, భవనం చుట్టూ సైనికుల్ని పెట్టించి తల్లిదండ్రుల కాగితాల కోసం వెతికించాడు. దొరకలేదు. ఇలాంటిదేదో జరుగుతుందని విక్కీ ముందే ఇంగ్లండు పంపేసింది. ఆమె వద్దన్నా శవపరీక్ష చేయించారు. విర్కో, వాల్డయర్ ఇద్దరూ ఉన్నారు. కేన్సరే. స్వరపేటికని తినేసింది.

ఇక డాక్టర్లు పుస్తకాలతో యుద్ధం మొదలుపెట్టారు. జర్మన్ డాక్టర్లు ఒక నివేదిక వేశారు, మెకెంజీ ఒక పుస్తకం వేశాడు. రోగి రహస్యాలు బయటపెట్టినందుకు ఆయన్ని సొంత దేశంలో సర్జన్ల కాలేజీ మందలించింది. నాలుగేళ్ళకి, 1892లో, ఆయనా పోయాడు. ఎవరు గెలిచారో తేల్చలేదు గానీ, ఓడిందెవరో మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఇంగ్లీషు పెళ్ళాం. మే 21న ఆపరేషన్ జరిగి ఉంటే బతికేవాడు, ఆమే ఆపింది.

*

ఈ కథకి ఒక ఆలస్యమైన చేర్పు ఉంది. 1948లో లారెన్ ఆకర్‌మన్ అనే అమెరికన్ పాథాలజిస్టు ఒక రకం కేన్సర్‌ని వర్ణించాడు. పేరు వెర్రుకస్ కార్సినోమా, అంటే పులిపిరిలాంటి కేన్సర్. దీని లక్షణం ఏమిటంటే, పైపైన ముక్క తీసి చూస్తే కేన్సర్‌లా కనబడదు. మందమెక్కిన మామూలు కణజాలంలా ఉంటుంది. లోపల వేళ్ళు ఎక్కడిదాకా వెళ్ళాయో చూస్తే గానీ తెలీదు. విర్కో నివేదికల్ని, మిగిలిన ఆధారాల్ని మళ్ళీ చదివిన ఈ కాలపు పాథాలజిస్టులు కొందరు ఫ్రెడరిక్‌ది ఈ తరహా కేన్సరే అయి ఉంటుందన్నారు. అదే నిజమైతే విర్కో తనకిచ్చిన ముక్కలో ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. బెర్గ్‌మన్ అనుమానమూ సరైందే. ఒకే జబ్బుకి ఇద్దరూ రెండు వైపులా నిలబడ్డారు. ఆ జబ్బుకి పేరు పెట్టడానికే ఇంకా అరవై ఏళ్ళు పట్టింది.

కాబట్టి విక్కీ ఎదుట ఉన్న అనిశ్చితి ఎవరో దాచినది కాదు, ఎవరి అసమర్థతా కాదు. 1887లో ఆ జవాబు ప్రపంచంలో లేదు. లేని జవాబు తెలుసుకోలేదని ఆమెని నిందించారు.

ఇప్పుడు మనకి స్కానులున్నాయి, జన్యు పరీక్షలున్నాయి. 1958లో కప్లాన్, మైయర్ అనే ఇద్దరు గణితజ్ఞులు చూపిన పద్ధతిలో, ఏ కేన్సర్ ఉన్నవాళ్ళు ఎన్ని నెలలకి ఎంతమంది మిగిలారో గీత గీసి చూపించే లెక్క ఉంది. ఆ గీత మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది. డాక్టరు చెప్పే "అయిదేళ్ళకి నూటికి నలభై" లాంటి మాటలు అక్కణ్ణుంచే వస్తాయి. అది గుంపు గురించి నిజం. ఆ నలభైలో ఈయన ఉన్నాడా అన్నదానికి ఆ గీత దగ్గర జవాబు లేదు.

స్టీఫెన్ జే గూల్డ్ అనే జీవశాస్త్రవేత్త కథ చాలామందికి తెలిసే ఉంటుంది. 1982లో అతనికి పొట్టలో మీసోథీలియోమా అని తేలింది. పుస్తకాలు తిరగేస్తే మీడియన్ ఎనిమిది నెలలని ఉంది. మీడియన్ అంటే సగంమంది అంతకుముందు పోతారని, అంటే మిగతా సగం అంతకంటే ఎక్కువ కాలం ఉంటారని. ఆ రెండో సగం తోక చాలా పొడుగ్గా సాగొచ్చు. ఈ సంగతి మీద 1985లో అతనొక వ్యాసం రాశాడు. ఇంకో ఇరవై ఏళ్ళు బతికి 2002లో వేరే కేన్సర్‌తో పోయాడు. ఈ కథని అందరికీ ధైర్యం చెప్పడానికి వాడేస్తాం. కానీ తోక ఉందంటే అందులో మనం ఉంటామని కాదు. ఎనిమిది నెలలంటే ఎనిమిది నెలలూ కాదు. ఇంతవరకే.

దగ్గరున్న డాక్టర్లకైనా తెలుస్తుందా? షికాగో ప్రాంతంలో చేసి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 343 మంది డాక్టర్లని, హాస్పిస్‌లో చేరిన 468 మంది రోగులు ఎన్నాళ్ళుంటారో అంచనా వెయ్యమన్నారు. నూటికి ఇరవై అంచనాలే సరిపోయాయి. అరవై మూడు శాతం అంచనాలు ఉన్నదానికంటే ఎక్కువ చెప్పాయి. రోగితో డాక్టరుకి ఎంత ఎక్కువ కాలం పరిచయం ఉంటే పొరపాటు అంత పెరిగింది. పరిచయం ఉన్న చోట డాక్టరు కూడా ఆశపడతాడు. అలాంటిది, ముప్ఫై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి సంగతేమిటి?

చెప్పాలా వద్దా అన్నది కూడా చూస్తుండగానే మారిపోయింది. 1961లో షికాగోలో ఒక ఆసుపత్రి డాక్టర్లని అడిగితే నూటికి తొంభైమంది కేన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో అమెరికాలో మరోసారి అడిగితే తొంభై ఏడు మంది చెప్పడమే మేలన్నారు. పద్దెనిమిదేళ్ళలో అక్కడ నీతి తలకిందులైంది. మన దగ్గర ఇంకా కారిడార్లోనే ఉంది. రోగిని గదిలో ఉంచి, కుటుంబాన్ని బయటికి పిలిచి చెబుతారు. దాంతో జబ్బు మోసే పని రోగిది, నిజం మోసే పని భార్యది లేదా భర్తది అవుతుంది. ఒకే మంచం మీద ఉన్న ఇద్దరూ రెండు వేరే భయాలతో ఒంటరైపోతారు. విక్కీ, ఫ్రిట్జ్‌ల మధ్య 1887 మేలో ఉన్నది అదే. నవంబరు తరవాత లేనిదీ అదే. కేన్సర్ అని ఇద్దరికీ తెలిశాక జబ్బు తగ్గలేదు, అనిశ్చితీ తగ్గలేదు. కానీ అతను ఆమె దగ్గర ఏడవగలిగాడు. ఏడుపు పంచుకోవడానికి ఎన్ని నెలలు మిగిలాయో తెలియనక్కర్లేదు.

ఈ పదమూడు నెలల నుంచి నాకు తోచేది ఇది. జవాబు తెలియకుండా బతకడమంటే చేతులు కట్టుకుని జవాబు కోసం కూర్చోవడం కాదు. అదొక పని. ఇవాళ్టి కాగితాన్ని ఇవాళ్టికి నమ్మాలి, రేపటి కాగితం కాదంటే మార్చుకోవాలి. కాగితాలు ముందే పంపెయ్యడం లాంటి చెడ్డరోజు ఏర్పాట్లు నిశ్శబ్దంగా చేసుకుంటూనే, తోటలో నడవాలి. విక్కీ ఈ రెండూ ఒకేసారి చేసింది. ఆశ ఉన్నవాళ్ళు సిద్ధపడరనీ, సిద్ధపడ్డవాళ్ళకి ఆశ లేదనీ అనుకునేది బయటివాళ్ళే.

*

భర్త పోయాక విక్కీ పదమూడేళ్ళు బతికింది. చివరి మూడేళ్ళూ తనకీ కేన్సరే, రొమ్ములో. ఆపరేషన్‌కి దాటిపోయిందన్నారు. తన గొంతు తనకుంది కాబట్టి ఎవరికి చెప్పాలో తనే నిర్ణయించుకుంది. మొదట్లో అతి కొద్దిమందికే చెప్పింది. అంతకుముందు ఒక జబ్బు ఊరందరి సొత్తు ఎలా అయిందో చూసింది మరి. తరవాత వెన్నెముకకి పాకింది. 1901 ఆగస్టు 5న, తల్లి పోయిన ఏడు నెలలలోపే, క్రోన్‌బర్గ్‌లో భర్త పేరున కట్టుకున్న ఇంట్లో కన్ను మూసింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో తమ్ముడు ఏడవ ఎడ్వర్డ్ చూడ్డానికి వచ్చినప్పుడు, అతని కార్యదర్శి ఫ్రెడరిక్ పాన్సన్‌బీని ఒంటరిగా పిలిచి, తన ఉత్తరాలు రహస్యంగా ఇంగ్లండు తీసుకుపొమ్మని అడిగింది. ఆ రాత్రి రెండు పెద్ద పెట్టెలు అతని గదికి చేరాయి. వాటి మీద పుస్తకాలని, పింగాణీ సామానని రాసి, కొడుకు మనుషుల కళ్ళముందే దాటించాడు. 1928లో ఉత్తరాలు అచ్చువేశాడు. కైజర్ విల్‌హెల్మ్ అప్పటికి హాలండులో ప్రవాసంలో ఉన్నాడు. పుస్తకం ఆపించాలని చూశాడు గానీ కుదరలేదు.

అవి దొరికితే చదవండి. చివర ఏమవుతుందో మనకి తెలుసు కాబట్టి, 1887 జూన్ ఉత్తరాల్లో సంతోషం చూసి అయ్యో అనిపిస్తుంది, కొంచెం కోపం కూడా వస్తుంది. అప్పుడు ఒకసారి ఉత్తరం పైన ఉన్న తేదీ చూసుకోండి. ఆ రోజుకి ఆమె చేతిలో విర్కో కాగితం ఉంది, భర్త గుర్రం మీద ఉన్నాడు.